గోడకు నెమ్ము, మనిషికి నెమ్ము

తెలుగులో "నెమ్ము" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. గోడకు చెమ్మ ఎక్కితే గోడ నెమ్మెక్కిందంటాం. పసిపిల్లవాడికి జలుబు ముదిరి, రొమ్ము పట్టేసి, ఊపిరాడక డొక్కలు ఎగరేస్తూంటే నెమ్ము చేసిందంటాం. మాట ఒకటే అయినా ఈ రెండూ ఒకటి కావు. పిల్లవాడి నెమ్ము సూక్ష్మజీవుల వల్ల వచ్చేది. గోడ నెమ్ము నీటి వల్ల వచ్చేది. అయినా గోడలు నెమ్మెక్కిన ఇంట్లో ఉండేవారికి దగ్గు, ఆయాసం ఎక్కువగా వస్తాయన్న మాట నిజమే. గోడకూ ఊపిరితిత్తులకూ మధ్య ఈ రాయబారం నడిపేది ఏమిటి? బూజు!

బూజును అందరూ చూస్తారు. దాని వెనకనున్న నీటిని మాత్రం చాలామంది చూడరు. ఈ వ్యాసంలో ఆ నీటిని వెతుకుదాం.

వరద తీసిన తర్వాత

భద్రాచలం దగ్గర గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలున్నాయని మీకు తెలుసు. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో గోదావరి అక్కడ 75.6 అడుగులకు లేచింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు. 2022 జూలై 16న 71.3 అడుగులు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ వంటి పల్లపు పేటలను ముంచింది.

నీరు వచ్చినప్పుడు అందరూ నీటిని కొలుస్తారు. నీరు తీశాక బురద ఎత్తిపోస్తారు, ఇల్లు కడుగుతారు. ఇల్లు మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. కాని వరద అంతా నదికి తిరిగి వెళ్లలేదు. కొంత గోడల్లోనే ఉండిపోయింది. ఎంతో లెక్క వేద్దామా?

మామూలు మట్టి ఇటుక బరువు సుమారు 3 కిలోలు. ఒక రోజంతా నీళ్లలో నానబెడితే ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదని మన దేశపు ప్రమాణం చెబుతుంది. అంటే మంచి ఇటుక కూడా అర లీటరు దాకా నీరు తాగగలదు. ఇప్పుడు పదడుగుల పొడవు, ముప్పాతిక అడుగు మందం ఉన్న గోడ నాలుగడుగుల ఎత్తువరకు మునిగిందనుకోండి. అందులో సుమారు 400 ఇటుకలుంటాయి. ఇటుకకు అర లీటరు చొప్పున 200 లీటర్లు! ఒక్క గోడలో ఒక డ్రమ్ము నీరు దాగి ఉందన్నమాట. గదికి నాలుగు గోడలు.

ఈ నీరు పోవడానికి గోడ పైతలం ఒక్కటే దారి. గోడపైన చేత్తో తడిమితే నాలుగు రోజులకే ఆరినట్టుంటుంది, కాని లోపలిదాకా ఆరడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. పైగా మన ప్రాంతంలో వరదలు వచ్చేది జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో. నీరు తీశాక కూడా వానలు ఆగవు. గాలే తడిగా ఉంటే గోడ తన తడిని ఎవరికివ్వాలి? సరిగ్గా ఆ రోజుల్లోనే బూజు తన పని మొదలుపెడుతుంది. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే చాలు, దాని మీద బూజు మొలవడానికి సిద్ధమవుతుంది.

ఇది మన ఊళ్లకే వచ్చే కష్టం కాదు. 2005లో కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచింది. రెండు నెలల తర్వాత అక్కడి ఆరోగ్యశాఖ వారు కొన్ని ఇళ్లు పరీక్షించి చూస్తే, దాదాపు సగం ఇళ్లలో కంటికి కనిపించేటంత బూజు ఉంది.

బూజు అంటే ఏమిటి?

పండగకు ముందు అమ్మ కర్ర చివర చీపురు కట్టి దులిపే బూజు వేరు. అది సాలెగూళ్లు, దుమ్ము, పొయ్యి మసి కలిసినది. మనం చెప్పుకునే బూజు ప్రాణమున్నది. అది శిలీంధ్ర జాతికి చెందింది. వానాకాలం పుట్టల మీద లేచే పుట్టగొడుగులకు దగ్గర చుట్టమే. మొక్కలకున్న పచ్చదనం దీనికి లేదు. అందుచేత తన ఆహారం తాను తయారు చేసుకోలేదు. సన్నని దారాలవంటి పోగులను వస్తువులోకి పంపి, అక్కడే రసాలు ఊరించి, ఆ వస్తువును కరిగించి పీల్చుకుంటుంది. మనం తిన్నాక జీర్ణం చేసుకుంటాం. బూజు ముందు జీర్ణం చేసి ఆ తర్వాత తింటుంది!

దానికి ఏది దొరికినా తిండే. పుస్తకాల కాగితం, అట్టకు పూసిన మైదాపిండి జిగురు, తోలు చెప్పులు, నులక, పరుపులో దూది, గోడ మీది రంగులో కలిసిన జిగురు, ఆఖరికి మన ఒంటి నుంచి రాలే మట్టి కూడా.

బూజు విత్తనాలవంటి సిద్ధబీజాలను లక్షలకొద్దీ గాలిలోకి వదులుతుంది. ఒక్కొక్కటి సాధారణంగా మిల్లీమీటరులో నూరవ వంతుకన్న చిన్నది. 1729లో ఇటలీ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మికెలీ ఈ బీజాలను పుచ్చకాయ ముక్కల మీద చల్లి, అదే రకం బూజు మళ్లీ మొలిచిందని చూపించాడు. బూజు దానంతటది పుట్టదు, బీజం నుంచే పుడుతుందని అలా తెలిసింది. మన గోడల మీద తరచు కనిపించే ఒక రకానికి ఆస్పర్జిల్లస్ అని పేరు పెట్టినవాడు కూడా ఆయనే.

బీజాలు లేని గాలి లేదు. మీరిది చదువుతున్న గదిలోనూ ఉన్నాయి. మరి అన్ని గోడలకూ బూజు ఎందుకు పట్టదు? ఈ ప్రశ్నకు జవాబు మీ అమ్మమ్మకు తెలుసు. "ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకండి" అని ఆమె ఎన్నిసార్లు కసరలేదు! ఉప్పు, నూనె కలిసి ఊరగాయలోని నీటిని బూజుకు అందకుండా చేస్తాయి. తడి గరిటె పెట్టినవాడు ఆ నీటిని తెచ్చి అందిస్తాడు. గోడ విషయంలోనూ అంతే. బీజాన్ని ఆపలేం, తిండిని ఆపలేం. ఆపగలిగింది నీటిని ఒక్కదాన్నే.

నీరు వచ్చే దారులు

వరద లేని ఇంట్లోనూ గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ నీరు మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది నేల నుంచి. ఒక పళ్లెంలో కాస్త సిరా పోసి, దానిలో సుద్దముక్కను నిలబెట్టండి. సిరా దానంతటదే పైకి పాకుతుంది. సుద్దలోని సన్నని రంధ్రాలు నీటిని పైకి లాగుతాయి. ఇటుకలోనూ అటువంటి రంధ్రాలే ఉన్నాయి. పునాది పైన చెమ్మ ఎక్కకుండా అడ్డుపొర వేయని ఇళ్లలో గోడ అడుగుభాగం ఎప్పుడూ తడిగా ఉండేది ఇందుకే. ఈ నీటితో పాటు నేలలోని లవణాలు కూడా ఎక్కి, గోడ మీద తెల్లని పొడిగా తేలతాయి. దాన్ని బూజు అనుకోవద్దు. కాస్త పొడి గీకి నీళ్లలో వేయండి. కరిగితే లవణం, కరగకపోతే బూజు అయి ఉండవచ్చు.

రెండవది పైనుంచి, పక్కనుంచి. శ్లాబులో పగులు, రేకుల మేకుల దగ్గర సందు, గోడలో దాగిన గొట్టం కారడం, అవతలి వైపు స్నానాల గది. ఇటువంటి చోట మచ్చ గుండ్రంగా మొదలై వాన పడినప్పుడల్లా పెరుగుతుంది.

మూడవది గాలి నుంచి. చల్లని మజ్జిగ పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పడుతుంది కదా! వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లని గాలి తక్కువ మోస్తుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి 30 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర సుమారు 860 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల దగ్గర 490 గ్రాములే. ఆవిరితో నిండిన ఆ గది అంతగా చల్లబడితే మిగిలిన 370 గ్రాముల నీరు ఎక్కడికి పోతుంది? గదిలో అన్నిటికన్న చల్లగా ఉన్న చోట, అంటే బయటి గోడ మూలల్లో, బీరువా వెనక, రేకుల అడుగున చేరుతుంది.

ఆవిరి ఎక్కడిదంటారా? మనమే తయారు చేస్తున్నాం. వంట, స్నానం, ఆరేసిన బట్టలు, ఊపిరి, చెమట అన్నీ కలిసి నలుగురున్న ఇంట్లో రోజుకు ఐదు నుంచి పది లీటర్ల నీరు గాలిలో కలుస్తుంది. ఒక కిలో వంటగ్యాసు మండితే ఆ మంట నుంచే సుమారు ఒకటిన్నర కిలోల నీరు పుడుతుంది.

మీ గోడ తడి ఏ దారిన వచ్చిందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. జానెడు పొడవు, జానెడు వెడల్పు గల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా అంటించండి. రెండు రోజుల తర్వాత చూడండి. కాగితం వెనక, గోడ వైపు తడి చేరితే నీరు గోడలోంచి వస్తోంది. కాగితం ముందు, గది వైపు తడి ఉంటే అది గదిలోని గాలి చెమట.

పూరిల్లు, రేకుల గది

దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి పల్లెల్లో కోయల పాత ఇళ్లు చూసినవారికి ఒక సంగతి గుర్తుండాలి. వెదురు తడికెకు మట్టి మెత్తిన గోడ, పైన గడ్డి కప్పు. ఆ గోడ తడిని పీల్చినా తిరిగి వదులుతుంది. కప్పుకూ గోడకూ మధ్య సందులోంచి గాలి ఆడుతుంది. పొయ్యి పైన వేలాడదీసిన మొక్కజొన్న కంకులు వేడికి ఆరి, బూజు పట్టకుండా విత్తనానికి నిలుస్తాయి. అయితే ఆ పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ చెరుపే. కనుక అందులో మెచ్చుకోవలసింది పొగను కాదు, గాలి ఆడే తీరును.

ఇక భద్రాచలం, సారపాక, పాల్వంచ, కొత్తగూడెం, మణుగూరు వంటి పట్టణాల్లో అద్దెకిచ్చే గదులు చూడండి. గోడలకు సిమెంటు పూత, ఒకే ఒక్క కిటికీ, అదీ పక్కింటి గోడకు ఎదురుగా. ఆ ఒక్క గదిలోనే వంట, పడక, చదువు, వానాకాలంలో బట్టలు ఆరేయడం. ఆవిరి లోపలే పుట్టి లోపలే ఉండిపోతుంది. ఇల్లు పూరిల్లా, పక్కా ఇల్లా అన్నది బూజుకు అక్కరలేదు. నీరు బయటికి పోయే దారి ఉందా లేదా అన్నదే దానికి కావాలి.

ఊపిరితో లోపలికి

గాలితో పాటు బూజు బీజాలు ముక్కులోకి పోతాయి. పెద్దవి ముక్కులోనే ఆగుతాయి. చిన్నవి ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి. ఆరోగ్యంగా ఉన్నవారి శరీరం వాటిని తుడిచిపారేస్తుంది. కొందరి శరీరం మాత్రం వాటిని శత్రువుగా ఎంచి అతిగా పోరాడుతుంది. దీన్నే అలర్జీ అంటారు. తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు దురద, రాత్రిపూట పొడిదగ్గు దీని గుర్తులు. ఉబ్బసం ఉన్నవారికి గాలిగొట్టాలు బిగుసుకుపోయి పిల్లికూతలు మొదలవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని చెమ్మ, బూజు గురించి ఒక పుస్తకం వెలువరించింది. చెమ్మ ఇళ్లలో ఉండేవారికి శ్వాసకోశ వ్యాధులు, ఉబ్బసం ఎక్కువవుతాయని అందులో తేల్చి చెప్పింది. గాలిలో ఇన్ని బీజాల వరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దు మాత్రం ఏదీ పెట్టలేదు. చెమ్మను తొలగించడమే మార్గమంది.

ఉబ్బసం ఉన్న కొందరిలో ఆస్పర్జిల్లస్ ఊపిరితిత్తుల్లో నిలిచి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. విడవని దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు చూసి మన దేశంలో దాన్ని క్షయగా పొరబడిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుచేత ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, డాక్టరు దగ్గర క్షయ పరీక్ష తప్పక చేయించుకోవాలి. గోడల చెమ్మ సంగతి కూడా ఆయనకు చెప్పాలి.

ఇక్కడ ఒక భయం తీర్చాలి. 2021 మే నెలలో కోవిడ్ రెండవ దశలో "బ్లాక్ ఫంగస్" అనే మాట ఊరూరా వినిపించింది. గోడ మీద నల్ల బూజు చూసి ఇదే అది అనుకున్నవారున్నారు. కాదు. ఆ జబ్బు మ్యూకర్ జాతి శిలీంధ్రాల వల్ల, ముఖ్యంగా మధుమేహం అదుపు తప్పినవారికీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ వస్తుంది. శరీరంలో ఆ భాగం చచ్చి నల్లబడుతుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. గోడ మీది నల్ల బూజు ఎక్కువగా వేరే జాతులది.

తిండికి పట్టిన బూజు ప్రమాదం మరో రకం. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలోని బాంస్‌వాడా, పంచమహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, కారణం అఫ్లాటాక్సిన్ అనే బూజు విషమని తేల్చారు. వండినా ఆ విషం పూర్తిగా పోదు. వరదలో నాని బూజుపట్టిన మొక్కజొన్న, వేరుశనగ పశువులకు కూడా పెట్టకూడదు.

ఏ పని ముందు, ఏ పని తర్వాత?

చాలా ఇళ్లలో బూజు కనిపించగానే రంగు వేస్తారు. అదే అన్నిటికన్న తప్పు పని. పైన ప్లాస్టిక్ రంగు వేస్తే గోడలోని నీరు బయటికి రాలేక రంగును పొక్కులుగా లేపుతుంది. బూజు ఆ రంగులోని జిగురునే తిని మళ్లీ పైకి వస్తుంది. కనుక వరుస తప్పకూడదు.

ముందు నీటిని ఆపాలి. పగులు పూడ్చాలి, గొట్టం బాగుచేయాలి, ఇంటి చుట్టూ నీరు నిలవకుండా కాలవ తీయాలి.

తర్వాత ఆరబెట్టాలి. ఎదురెదురు తలుపులు, కిటికీలు తీయాలి. ఎండ కాసిన ప్రతి రోజూ పరుపులు, పుస్తకాలు బయట వేయాలి. మంచం, బీరువా గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలి. వరదలో నానిన దూది పరుపు, దిండ్లు లోపలిదాకా ఆరకపోతే పారేయడమే మంచిది.

ఆ తర్వాత శుభ్రం చేయాలి. పొడి చీపురుతో దులిపితే బీజాలు గదంతా ఎగురుతాయి. సబ్బునీళ్లతో గుడ్డ తడిపి తుడవాలి. ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు, చిన్నపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. బ్లీచింగ్ పౌడరు నీళ్లు వాడితే పెద్దలే వాడాలి. వాటిలో యాసిడ్ ఎన్నడూ కలపకూడదు. కలిపితే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. అగరువత్తులు, సెంటు వాసనను కప్పుతాయేగాని బూజును చంపవు.

చివరికి వెల్ల. వానలు వెళ్లి, కార్తికం దాటి గోడ లోపలిదాకా ఆరాక వేయాలి. సున్నం గాఢమైన క్షారం. అందులో బూజు బతకడం కష్టం. పైగా సున్నపు పూత గోడను ఊపిరి పీల్చనిస్తుంది. పుస్తకాలు బైండు చేసేవారు జిగురులో మైలుతుత్తం కలపడం చూశారా? అది కూడా బూజు, పురుగు పట్టకుండా చేసేదే. అయితే మైలుతుత్తం విషం. దాన్ని మీరు ముట్టుకోవద్దు.

అద్దె ఇల్లయితే?

సొంత ఇంటివారు శ్లాబు బాగుచేయించుకుంటారు. అద్దెకున్నవారి సంగతి ఏమిటి? "మీరు కిటికీలు తీయరు, అందుకే బూజు" అంటారు ఇంటి యజమాని. "మీ శ్లాబు కారుతోంది" అంటారు అద్దెకున్నవారు. నిజం చెప్పేది గోడే. ఇందాకటి ప్లాస్టిక్ కాగితం పరీక్ష గుర్తుందా? తడి గది వైపు ఉంటే గాలి ఆడేలా చూసుకోవడం, బట్టలు బయట ఆరేసుకోవడం, వండేటప్పుడు గిన్నెలపై మూత పెట్టడం ఇంట్లోవారి పని. కిటికీయే లేని గదిలో ఆ పని వారి చేతిలో లేదు. తడి గోడ వైపు ఉంటే కప్పు, గొట్టం, పునాది బాగుచేయాలి. అది అద్దెకున్నవారు తుడుపుగుడ్డతో చేయగల పని కాదు.

మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షనులో ఒక మాట ఉంది. యజమాని చేయవలసి ఉన్న మరమ్మతును, తెలియజేసిన తర్వాత తగిన గడువులో ఆయన చేయకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకోనప్పుడు, అద్దెకున్నవారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అందుచేత చెప్పేదేదో కాగితం మీద, తేదీ వేసి చెప్పడం మంచిది. మచ్చ పెరుగుతున్న తీరు ఫోటోలు తీసి ఉంచడం ఇంకా మంచిది.

ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో ఒక రెండేళ్ల పిల్లవాడు ఊపిరి ఆగి చనిపోయాడు. వాళ్లుండే అద్దె ఇంట్లో బూజు పట్టిందని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటే, దాని మీద రంగు వేసుకోమని చెప్పారు. ఇంట్లోని బూజులో ఎక్కువకాలం ఉండడం వల్లే చావు సంభవించిందని 2022లో మరణ విచారణాధికారి తేల్చారు. ఆ దేశం 2023లో ఒక చట్టం చేసింది. ప్రభుత్వ, సేవాసంస్థల అద్దె ఇళ్లలో చెమ్మ, బూజు గురించి ఫిర్యాదు వస్తే యజమాని గడువులోగా పరీక్షించి బాగుచేయాలి. 2025 అక్టోబరు నుంచి అది అమలులోకి వచ్చింది. దాన్ని ఆ పిల్లవాడి పేరుతోనే అవాబ్ చట్టం అంటున్నారు. ఆ ఇంటికి కావలసింది రంగు కాదు, మరమ్మతు.

మీరు చేయగల పని

ఈ వానాకాలం మీ ఇంట్లో గోడ మీద మచ్చ కనిపిస్తే దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారం తర్వాత మళ్లీ చూడండి. మచ్చ గీత దాటిందా? ఏ రోజు వాన పడింది? ఏ రోజు ఎండ కాసింది? ఇంట్లో ఎవరికి ఏ రాత్రి దగ్గు వచ్చింది? ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. నెల రోజుల్లో ఆ పుస్తకం మీకు నీరు వచ్చే దారి చూపిస్తుంది. అప్పుడు దాన్ని ఇంటి పెద్దలకూ, అవసరమైతే ఇంటి యజమానికీ, డాక్టరుకూ చూపించండి.